జపమాల చెప్పడం రావట్లేదన్న బుజ్జికి

జ్ఞానాపురం,
అక్టోబరు 1

బుజ్జీ,

మొన్న ఆదివారం పూజ అయ్యాక గుడి బయట నువ్వన్న మాట ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. "పెద్దమ్మా, జపమాల మొదలెడితే రెండో దేవరహస్యానికే, అంటే రెండో పది పూసలకే, నిద్రొచ్చేస్తోంది. నిద్ర రాకపోతే ఆఫీసు గుర్తొస్తోంది. ఇలా చెప్పేకంటే మానేయడమే మర్యాదేమో" అన్నావు. నీ రూమ్మేటు "దేవుడితో నేరుగా మాట్లాడొచ్చుగా, మధ్యలో మరియమ్మ ఎందుకు, పునీత అంతోనిగారు ఎందుకు" అని అడిగితే నోట మాట రాలేదనీ అన్నావు. చెప్పులేసుకుంటూ చెప్పుకునే సంగతులు కావవి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మానేయకు. ముందు ఆ మాట.

ఈ రోజు చిన్న తెరేజమ్మ పండుగ. ఫ్రాన్సులో కార్మెల్ సన్యాసినుల మఠంలో ఉండి 1897లో ఇరవై నాలుగేళ్లకే పోయిన పిల్ల. ఇవాళ తిరుసభ, అంటే మన కథోలిక సభ, ఆవిడని వేదపండితురాలిగా, అంటే విశ్వాసం నేర్పే గురువుగా, గౌరవిస్తోంది. అలాంటావిడే జపమాల ఒక్కతే చెప్పుకోవడం తనకెంతో కష్టంగా ఉండేదని, ఎంత బలవంతం చేసినా మనసు నిలిచేది కాదని దాచుకోకుండా రాసుకుంది. ప్రార్థనలో నిద్రపోయేదట కూడా. పిల్లలు మెలకువగా ఉన్నా నిద్రపోయినా అమ్మానాన్నలకి ముద్దే కదా అని ధైర్యం తెచ్చుకుందట. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పూసలు పట్టుకుంటున్న నీకు నిద్రొస్తే దేవమాత ముఖం ముడుచుకుంటుందా?

యేసునాథుడి, మరియమ్మల జీవితాల్లోంచి తలుచుకునే ఈ దేవరహస్యాల వరస నీకు మీ అమ్మ చిన్నప్పుడే నేర్పింది. సోమ, శనివారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు. ఈ వెలుగువి మా చిన్నప్పుడు లేవు, 2002లో రెండో జాన్ పౌల్ పాపుగారు, అదే పోపుగారు, చేర్చారు. వరస మర్చిపోయినా ఫరవాలేదు, ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. పుస్తకంలో దొరకనిది వేగం సంగతి. అక్కడ నేను చేసిన తప్పు నీకు చెప్పాలి.

నా పెళ్లయిన కొత్తలో అక్టోబరు నెలంతా మా వీధిలో మాత స్వరూపాన్ని రోజుకో ఇంటికి తీసుకెళ్లేవాళ్లం. జపమాల నడిపించే పని నాకిచ్చారు. నాది చురుకైన నోరు. అవతలి వాళ్లు "ఆమెన్" అనేలోపే నేను తర్వాతి "వందనము" అందుకునేదాన్ని. పన్నెండు నిమిషాల్లో ఐదు దేవరహస్యాలూ అయిపోయేవి. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చినవాళ్లు నన్ను మెచ్చుకునేవారు, నేనూ పొంగిపోయేదాన్ని. ఒకరోజు రాత్రి పళ్లన్నీ ఊడిపోయిన ఒక ముసలమ్మ గుమ్మం దగ్గర నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. "తల్లీ, నీ వెనకాల పరిగెత్తలేకపోతన్నాను. యేసునాథుడి పేరు నా నోటికి దొరకట్లేదు" అంది.

ఇప్పటికీ ఆ పట్టు నా చేతికి తెలుస్తుంది. ఇన్నాళ్లకి 2002 నాటి పాపుగారి లేఖ గురించి ఫాదరుగారు ప్రసంగంలో చెప్తుంటే నాకు ఆ ముసలమ్మే గుర్తొచ్చింది. పూసపూసకీ "వందనము" అంటూ చెప్పే మంగళవార్త జపం మొత్తం తిరిగేది యేసు అనే పేరు చుట్టూనే అని ఆ లేఖలో ఉందట. చూడు, మొదటి సగంలో సగం దేవదూత పలికింది, సగం మరియమ్మ చుట్టం ఎలిజబెతమ్మ పలికింది, రెండూ లూకా సువార్త మొదటి అధ్యాయంలోవే. "పరిశుద్ధ మరియమ్మా" అంటూ వచ్చే రెండో సగం తిరుసభ కలుపుకున్నది. ఆ సగం ఇప్పుడున్న రూపంలో 1568 నాటి గురువుల ప్రార్థన పుస్తకంలో స్థిరపడింది. ఈ రెంటినీ కలిపే ముడి దగ్గర ఉన్నది ఆయన పేరు. కాబట్టి నేను నీకిచ్చే మొదటి సలహా ఇదే: ఆ పేరు దగ్గర ఆగు. ఒక్క ఊపిరి పట్టేంతసేపు. ఆ ఒక్కటి చేస్తే మిగతా వేగం దానంతటదే తగ్గుతుంది. ఐదు దేవరహస్యాలకి టైము చాలదంటావా, ఒక్కటే చెప్పు. మద్దిలపాలెంలో బస్సెక్కి రుషికొండలో దిగేలోపు ఒక్క దేవరహస్యం నింపాదిగా అయిపోతుంది. మాల బయటికి తీయడం ఇబ్బందైతే చేతులకి పది వేళ్లున్నాయి.

ఇక మనసు పారిపోవడం. దాని వెనకాల కర్ర పట్టుకుని పరిగెత్తకు, అలిసిపోతావు. ఆఫీసు గుర్తొస్తే ఆఫీసునే పూస మీదికి తెచ్చెయ్. నిన్ను విసుక్కున్న ఆ పెద్ద మేనేజరుకో పూస, ఉద్యోగం పోయిన ఆ కుర్రాడికో పూస. నేను సంతోష దేవరహస్యాల్లో రెండోది చెప్పేటప్పుడు మరియమ్మని నడిపిస్తాను. కడుపులో బిడ్డతో, కొండదారిన, ముసలితనంలో నీళ్లోసుకున్న చుట్టానికి సాయం చేద్దామని వెళ్తోంది. ఎండలో ఆమె కాళ్లకి దుమ్ము. గుమ్మంలో ఎలిజబెతమ్మ. మొదటి పూస నుంచి పదో పూస వరకు ఆ గుమ్మం దగ్గరే నిలబడతాను. మా వీధిలో పురిటికి వచ్చిన పిల్లలందరూ ఆ గుమ్మంలోంచే లోపలికి వస్తారు. ధ్యానం లేని జపమాల ప్రాణం లేని దేహమని ఆరో పౌలు పాపుగారు 1974లో రాశారు. ధ్యానమంటే పెద్ద మాటేం కాదు బుజ్జీ, అలా నిలబడి చూడటమే.

ఇప్పుడు నీ రూమ్మేటు మాట. ఆ అమ్మాయితో వాదన పెట్టుకోకు, ఆమెకీ యేసునాథుడి మీద ప్రేమ ఉండబట్టే అడిగింది. కానీ నీకు తెలిసుండాలి. జపమాల చివర్లో దేవమాత ప్రార్థన చెప్తాం కదా, అందులో జవాబులు గమనించు. సర్వేశ్వరుణ్ని పిలిచినప్పుడు "మా మీద దయగా ఉండండి" అంటాం. మరియమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట మారిపోతుంది, "మా కొరకు ప్రార్థించండి" అంటాం. ఆ తేడా ఏ ముసలమ్మ నోటా తప్పదు. దయ చూపేవాడు ఒక్కడే. మిగతావాళ్లు మనతో కలిసి అడిగేవాళ్లు. ఆరాధన దేవుడికే చెల్లుతుంది, పునీతులకి, అంటే సెయింట్లకి, ఇచ్చేది గౌరవమని 787లో నిసేయా మహాసభలో కూడిన తిరుసభ పెద్దలే తేల్చారు. నీకు జ్వరమొస్తే "పెద్దమ్మా, ప్రార్థన చెయ్యి" అని నాకు ఫోన్ చేస్తావు, దేవుడికి చెవులు లేవనా చేస్తావు? రేపు నేను పోయాక ఆ ప్రార్థన ఆగిపోతుందా? "పునీతుల సంబంధమును" విశ్వసిస్తున్నామని విశ్వాస సంగ్రహంలో చెప్పేది ఇదే. బైబిలు చివరి పుస్తకమైన దర్శన గ్రంథం ఐదో అధ్యాయంలో పెద్దలు పట్టుకున్న బంగారు పాత్రల్లో ధూపముంటుంది, అది పరిశుద్ధుల ప్రార్థనలని అక్కడే రాసుంది.

కానా పెళ్లి నాకెందుకు ప్రాణమో కూడా చెప్తాను. అక్కడ నీళ్లని ద్రాక్షరసం చేసింది యేసునాథుడు, మరియమ్మ కాదు. "వాళ్లకి ద్రాక్షరసం లేదు" అని కొడుకు చెవిన వేసింది, పనివాళ్లతో "ఆయన చెప్పింది చేయండి" అంది. అంతే. సువార్తల్లో ఆవిడ మాట మనం వినేది అక్కడితో సరి. డిసెంబరు 8న, మాత పండుగకి, విశాఖలో మాత గుడి ఉన్న రాస్ కొండ ఎక్కే జనంలో బొట్టు పెట్టుకున్న తల్లులెందరో కొవ్వొత్తులు పట్టుకుని వస్తారు. పైన నిలబడి చూస్తే కింద కాలువలో ఓడలు హార్బరులోకి మెల్లగా వస్తుంటాయి. వాళ్లంతా ఆ తల్లి చెవిన వేసేది ఇలాంటి ఒక్క ముక్కే అనిపిస్తుంది నాకు. ఇంట్లో అది లేదు, ఇది అయిపోయింది అని.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త. ఈ ప్రార్థన పదమూడు మందికి పంపితే మంచి కబురు వస్తుంది, పంపకపోతే కీడు అంటూ పునీత యూదా తదేయుగారి పేరుతో వాట్సాప్‌లో వస్తుంటాయి. భయపడకుండా తీసెయ్. మన నమ్మకం అది కాదు. రెండోది, పునీతుల్ని పోయిన తాళంచెవులు వెతికిపెట్టేవాళ్లుగానే చూడకు. అంతోనిగార్ని మంగళవారం మంగళవారం అడుగుతాం, అడగాలి కూడా, కానీ 1231లో నలభై ఏళ్లు నిండకుండానే పోయిన ఆ మనిషి ఊరూరా తిరిగి ఎలా బోధించాడో, బీదల పక్షాన ఎలా నిలబడ్డాడో చదువు. ఎవరో ఒక్క పునీతుణ్ని ఎంచుకుని ఏడాదంతా స్నేహం చెయ్యి. నాకైతే మరియమ్మ భర్త జోజప్పగారు. సువార్తల్లో ఒక్క మాటా పలకని మనిషి.

ఆయనతోనే నాకు తగువు కూడా అయింది. మీ పెదనాన్న ఆసుపత్రిలో పదకొండు రాత్రులున్నారు. నేను బయట బెంచీ మీద. మొదటి నాలుగు రాత్రులు నవదిన జపాలు, మొక్కులు, అన్నీ. తర్వాత నోరు పెగల్లేదు. మాల చేతిలో ఉండేది, పూసలు వేళ్ల కింద కదిలేవి, మాటలు వచ్చేవి కావు. ఆఖరి రాత్రి లోపలికి పిలిచారు. ఆయన చెయ్యి పట్టుకుంటే "ఇప్పుడును మా మరణ సమయమందును" అన్న ముక్కొక్కటే నోట్లో మిగిలింది. ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట, ఇప్పుడూ ఆ సమయమూ ఒకటే అయ్యే రాత్రి ఒకటుంటుందని ఏనాడూ అనుకోలేదు. నేనడిగింది దక్కలేదు. కొన్ని నెలలు జోజప్పగారి పటం వైపు చూడలేదు. అయినా సాయంత్రం ఏడయ్యేసరికి చెయ్యి మాల మీదికి వెళ్లేది. నా బదులు వేళ్లు ప్రార్థించాయి. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తి వెలిగించి అంతమందిలో నించున్నప్పుడు, చావు మంచం దగ్గర తోడుండే పెద్దాయనగా జోజప్పగార్ని ఎందుకు పిలుస్తామో నాకు తెలిసింది. ఆ రాత్రి మీ పెదనాన్న ఒంటరిగా వెళ్లలేదు. ఇది నా నమ్మకం.

మీ అమ్మ చేతికి ఒక మాల ఇచ్చి పంపుతున్నాను. గుణదల తిరునాళ్లలో కొన్న కర్ర పూసల మాల అది. మూడో పదిలో ఒకచోట తీగ తెగితే తెల్లదారంతో ముడేశాను, వేలికి తగులుతుంది. అక్కడికి వచ్చినప్పుడు నా పేరు తలుచుకో. ఈ 7న జపమాల మాత పండుగ, మాత స్వరూపం మా ఇంటికి వస్తోంది. ఏడింటికల్లా వచ్చెయ్. రెండో దేవరహస్యం నువ్వు నడిపించాలి, మెల్లగా.

నీ పెద్దమ్మ