గ్రేసన్ ముర్రే చనిపోయాక కూడా గోల్ఫ్ టోర్నమెంటు ఆపకుండా ఆడించడం సరైనదేనా?

సరైనదే. ఆడించమని అతని తల్లిదండ్రులే కోరారు. కన్నవాళ్లు ఆ మాట అన్నాక తీర్పులు చెప్పడానికి మనమెవరం? మీ ప్రశ్నకు నా జవాబు ఇంతే. అయితే ఈ సంగతి ఎత్తితే నాకు వేరే మాట ఒకటి గుర్తొస్తుంది, అది చెప్పకుండా ఉండలేను. దారి తప్పుతున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 2024 మే నెలలో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పీజీఏ టూర్ (అమెరికాలో మగవాళ్ల పెద్ద గోల్ఫ్ పోటీల వరస) పోటీ జరుగుతోంది. శుక్రవారం రెండో రౌండులో, బంతిని వేయాల్సిన పద్దెనిమిది గుంతల్లో, అంటే హోల్స్‌లో, ఇంకా రెండు ఉన్నాయనగా ముర్రే ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పుకున్నాడు. శనివారం ఉదయానికి లేడు. వయసు 30. అతను తన ప్రాణం తానే తీసుకున్నాడని ఆదివారం తల్లిదండ్రులు దాపరికం లేకుండా చెప్పారు. మనుషులు ఒకరి పట్ల ఒకరు దయగా ఉండాలనీ, తమ బిడ్డ పేరు చెప్పుకుని అదొక్కటి మిగిలినా చాలనీ అన్నారు. చివరి రోజు ఆటగాళ్లు టోపీలకు ఎరుపు, నలుపు పిన్నులు పెట్టుకుని ఆడారు. అవి మా ఊరి ఐస్ హాకీ జట్టు రంగులు. ఆ జట్టంటే ముర్రేకి ప్రాణం.

మా ఊరు అన్నాను కదా. నేను పదిహేనేళ్లుగా నార్త్ కరోలినాలోని క్యారీలో ఉంటున్నాను. వేంకటేశ్వరస్వామి గుడి రాజగోపురం కట్టుకున్న క్యారీయే. పక్కనే రాలీ. ముర్రే రాలీ కుర్రాడు. 2010లో, పదహారేళ్ల వయసులో, రాలీలో జరిగిన రెండో శ్రేణి టూర్ పోటీలో పెద్దవాళ్ల మధ్య కట్ దాటాడు, అంటే రెండు రౌండ్ల తర్వాత వెనకబడినవాళ్లను ఇంటికి పంపేటప్పుడు నిలబడ్డాడు. అతను పోయిన వారంలో ఆ రోజు మేం అక్కడే ఉండి చూశామన్నవాళ్లు నాకు కనీసం పదిమంది తగిలారు. అంతమంది నిజంగా వెళ్లి ఉంటే ఆ కోర్సులో నిలబడటానికి చోటు ఉండేది కాదు. మనిషి పోయాక అందరికీ అతను చిన్నప్పటినుంచే తెలుసు.

గోల్ఫ్‌కూ నాకూ పుట్టుకతో సంబంధం లేదు. విశాఖలో చదువుకునే రోజుల్లో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ పక్కనుంచి బస్సులో వెళ్తూ, అంత పచ్చగడ్డి మేయడానికి ఒక్క ఆవునూ రానివ్వరేమిటి అనుకునేవాణ్ణి. నలభై దాటాక ఇక్కడ ఆఫీసువాళ్లు లాక్కెళ్తే మొదలుపెట్టాను. నేను ఆడేది పబ్లిక్ కోర్సు. పాత సామాను, పాత బ్యాగు. అయినా ఇండియా వెళ్లినప్పుడల్లా బంధువులు "నీకేమిటి, గోల్ఫ్ ఆడేవాడివి" అంటారు. మన పత్రికలకైనా ఈ ఆట ఎప్పుడు గుర్తొచ్చింది? 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచిన శనివారం పొద్దున మాత్రం. ఆ రోజు మా చిన్నాన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి బర్డీ అంటే ఏమిటని అడిగాడు. ఒక హోల్‌కు లెక్కగా పెట్టిన దెబ్బలకంటే ఒకటి తక్కువలో ముగించడమని చెప్పాను. సోమవారానికి మర్చిపోయాడు.

ఇక అసలు సంగతి. అది మేలో జరిగింది కాదు, జనవరిలో జరిగింది.

2024 జనవరి 14 ఆదివారం. భోగి. మా ఇంట్లో ఆరు కుటుంబాలు. సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోశాం. ఇక్కడ రేగిపళ్లు దొరకవు కాబట్టి క్రాన్‌బెర్రీలు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, సెంట్ల చిల్లర కలిపి పోశాం. తివాచీ మీద ఆ క్రాన్‌బెర్రీలు తొక్కితే పడిన మరకలు ఇప్పటికీ ఉన్నాయి, మా ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆడవాళ్లు వంటింటి దగ్గర, మగవాళ్లు టీవీ దగ్గర. ఈ ఏర్పాటు ఎప్పుడు మారుతుందో కూడా ఎవరైనా ప్రశ్న అడిగితే బాగుండు. టీవీలో హవాయి నుంచి సోనీ ఓపెన్ అనే గోల్ఫ్ పోటీ ఆఖరి రౌండు.

ముర్రే చివరి హోల్‌లో బర్డీ కొట్టి ప్లేఆఫ్‌లోకి, అంటే సమానంగా నిలిచినవాళ్లలో విజేతను తేల్చే అదనపు ఆటలోకి వచ్చాడు. ఎదురుగా కీగన్ బ్రాడ్లీ, కొరియా ఆటగాడు బ్యోంగ్ హున్ ఆన్. మళ్లీ పద్దెనిమిదో హోలే ఆడారు. మిగతా ఇద్దరి బంతులూ దగ్గర్లో ఉన్నాయి, ముర్రేది దూరంగా ఉంది. దాదాపు నలభై అడుగులు. మామూలు గది ఈ గోడ నుంచి ఆ గోడకు మూడుసార్లు నడిచినంత దూరం. అంత దూరం నుంచి పుట్ (గుంతలోకి బంతిని దొర్లించే దెబ్బ) కొడితే లోపలికి పోవాలని ఎవరూ కొట్టరు, దగ్గరికి పోతే చాలని కొడతారు. అది పోయింది. మా ఇంట్లో పడిన కేకకు వంటింట్లో గిన్నె జారింది.

తర్వాత మైకు పెట్టారు. ముర్రే మాట్లాడాడు. తాగుడు మానేసి ఎనిమిది నెలలైందన్నాడు. చాలాసార్లు అన్నీ వదిలేద్దామనుకున్నానన్నాడు. తన మీద ఆశ, గోల్ఫ్, ఒక్కోసారి జీవితాన్ని కూడా. ఆ మాట అంత స్పష్టంగా, ప్రపంచం ముందు నిలబడి అన్నాడు.

అప్పుడు మేం ఏం చేస్తున్నామో చెప్పనా? లెక్క వేస్తున్నాం. మొదటి బహుమతి పదిహేను లక్షల డాలర్లకు కాస్త తక్కువ. మా వరంగల్ అన్న ఫోను తీసి, ఆ రోజు రూపాయి రేటుతో గుణించి, "పన్నెండు కోట్లు దాటింది!" అన్నాడు. పన్నులు పోతే ఎంత, బ్యాగు మోసే క్యాడీకి పది శాతం ఇస్తే ఎంత మిగులుతుందని నేను అడిగాను. నేనే అడిగాను. ముర్రే మాటలు ఆ లెక్కల వెనకాల వినిపించాయి. విన్నాను, కానీ పట్టించుకోలేదు. మే నెలలో ఆ వీడియో మళ్లీ పెట్టుకుని చూసినప్పుడు, ఆ వాక్యం దగ్గర నాకు గుర్తొచ్చింది అన్న ఫోనులోని కాలిక్యులేటరు.

అందుకే, అంత డబ్బు ఉన్నవాడికి ఏం లోటు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ప్రశ్న వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి మరీ మండుతుంది.

మేలో ఆ శనివారం ముర్రే పోయిన వార్త తెలిసేసరికి నేను డ్రైవింగ్ రేంజిలో, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో ఉన్నాను. బకెట్ బంతుల్లో సగం అయ్యాయి. కౌంటరు దగ్గర కుర్రాడు పాటలు ఆపేశాడు. మొదట ఎందుకు ఆపాడో ఎవరికీ అర్థం కాలేదు, తర్వాత ఒక్కొక్కరే ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. వరసలో బంతి కొట్టే చప్పుళ్లు ఒక చివర నుంచి తగ్గుతూ వచ్చాయి. రోజూ వచ్చే మాజీ సైనికుడు ఒకాయన ఉన్నాడు, పలకరిస్తే తలూపడం తప్ప మాట్లాడడు. ఆ రోజు ఆయనంతట ఆయన నా దగ్గరికి వచ్చి, "సోమవారం మెమోరియల్ డే. మధ్యాహ్నం దాకా జెండా సగానికి దించే ఉంటుంది. అందులో ఈ కుర్రాణ్ణి కూడా కలుపుకుంటాను" అని వెళ్లిపోయాడు. మెమోరియల్ డే అంటే ఇక్కడ చనిపోయిన సైనికులను తలుచుకునే రోజు. సగం బకెట్ అక్కడే వదిలేశాడు.

ఆ సాయంత్రం టీవీలో పీటర్ మల్నాటి ఏడ్చాడు. గురు, శుక్రవారాలు ముర్రేతో కలిసి ఆడింది అతనే. రెండు రోజులు పక్కపక్కన నడిచిన మనిషికి కూడా తెలియలేదు. గోల్ఫ్‌లో ఇదే నాకు మింగుడుపడదు. ఇది తప్పు ఒప్పుకునే ఆట అని మురిసిపోతాం. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ తన బంతి కాస్త కదిలిందని, ఎవరూ చూడకపోయినా, తన మీద తానే ఒక స్ట్రోకు (ఒక దెబ్బ) జరిమానా వేసుకున్నాడు. చివరికి ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. వందేళ్లుగా ఆ కథ చెప్పుకుంటున్నాం. బంతి వెంట్రుకవాసి కదిలితే చెప్పాలి. మనసు కదిలితే మాత్రం "ఒంట్లో బాగాలేదు" అంటే సరిపోతుంది, ఎవరూ ఇంకో మాట అడగరు.

మనవాళ్లయితే ఈ విద్యలో ఆరితేరారు. తెలుగులో "ఒంట్లో బాగాలేదు" అన్న మాట కింద జ్వరం నుంచి అప్పుల దాకా, తాగుడు నుంచి విడాకుల దాకా అన్నీ పడతాయి. అడిగేవాడు కూడా "మాత్ర వేసుకున్నావా?" అనే అడుగుతాడు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లినవాణ్ణి గురించి శనివారం విందుల్లో ఎలా మాట్లాడుకుంటారో నేను విన్నాను. మనసు బాగాలేనప్పుడు సాయం అడగడానికి అమెరికాలో 988, మన దేశంలో 14416, ఈ రెండు నంబర్లకూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఫోనులో దాచుకోండి. పిజ్జావాడి నంబరు ఉంటుంది కదా, దాని పక్కన పెట్టుకోండి.

సోమవారం మేం ఆడాం. నేను, వరంగల్ అన్న, తెనాలి మిత్రుడు. మా మామగారు అనకాపల్లి నుంచి వచ్చి ఉన్నారు, రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన ఆడరు, కార్టు నడుపుతారు. ఊరికే కార్టులో కూర్చున్నందుకు కూడా డబ్బు వసూలు చేస్తారిక్కడ. అది వేరే గొడవ.

తెనాలి మిత్రుడి కంపెనీలో అప్పుడు ఉద్యోగాలు పీకేస్తున్నారు. ఆయనది హెచ్1బి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఇది మా అందరికీ తెలుసు, ఎవరం ఎత్తలేదు. ఆ రోజు ఆయన బాగా ఆడుతున్నాడు కూడా. కథలా ఉండాలంటే ముర్రేలాగే పదహారో హోల్ దగ్గర అని రాయాలి, కానీ జరిగింది పద్నాలుగో హోల్ దగ్గర. గోల్ఫ్ కర్ర బ్యాగులో పెట్టేసి, "మీరు ఆడండి, నాకు ఒంట్లో బాగాలేదు, ఇంటికి వెళ్తాను" అన్నాడు.

మామూలు రోజయితే సరే జాగ్రత్త అని మా దారిన మేం ఆడుకునేవాళ్లం. ఆ రోజు నేనూ అన్నా మొహాలు చూసుకున్నాం. అన్న మాట్లాడకుండా తన బంతి తీసి జేబులో వేసుకున్నాడు. నేనూ తీశాను. ముగ్గురం ఫెయిర్‌వేకి (ఆడే గడ్డి దారికి) అడ్డం పడి వెనక్కి నడిచాం, వెనకాల వస్తున్నవాళ్లు ఏదో అరిచారు. తెనాలి ఆయనకు కోపం వచ్చింది. "కడుపులో బాగాలేదు బాబూ, నిన్న పుట్టినరోజు విందులో మిరపకాయ బజ్జీలు ఎక్కువ తిన్నాను. మీరెందుకు వస్తున్నారు?" అన్నాడు. మేం నమ్మలేదు. రెండుసార్లు బాత్రూముకి పరుగెత్తాక నమ్మాం.

మామగారు ఫ్లాస్కులో మజ్జిగ తెచ్చుకున్నారు. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. క్లబ్బు వరండాలో కూర్చోబెట్టి తెనాలి ఆయన చేత తాగించారు. ఉద్యోగం సంగతి ఎలా కదపాలా అని నేనూ అన్నా అటుతిప్పి ఇటుతిప్పి వాతావరణం గురించి మాట్లాడుతున్నాం. మామగారు మాత్రం ముప్పై ఏళ్లు పిల్లల్ని నిలబెట్టి అడిగిన గొంతుతో, "ఉద్యోగం ఉంటుందా, పోతుందా?" అని సూటిగా అడిగేశారు. నా గుండె ఆగింది. తెనాలి ఆయన గ్లాసు వైపు చూస్తూ, "శుక్రవారం జాబితా వస్తుంది మాస్టారూ. ఇంట్లో ఇంకా చెప్పలేదు" అన్నాడు. "ఇవాళ చెప్పు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి" అన్నారు మామగారు. అంతకంటే ఏమీ అనలేదు. ఇంకో గ్లాసు పోశారు.

శుక్రవారం జాబితాలో ఆయన పేరు లేదు, సెప్టెంబరు జాబితాలో ఉంది. యాభై రెండో రోజున ఇంకో ఉద్యోగం దొరికింది, ఇప్పుడు షార్లెట్‌లో ఉంటున్నాడు. ఆ రోజుల కథ చెప్పాల్సింది ఆయన, నేను కాదు.

సోమవారం రాత్రి పదిన్నరకు మనసాగక ఫోన్ చేశాను. ఎత్తీ ఎత్తగానే, "ఇంట్లో చెప్పాను. మాస్టారికి చేశాను. అన్న ఇప్పటికే మూడుసార్లు చేశాడు. కడుపు కుదుటపడింది. ఇక నన్ను పడుకోనివ్వండి" అని పెట్టేశాడు.