డిసెంబర్ 16 మార్చ్ నీ చేతికొచ్చింది కదా, కొన్ని మాటలు

తమ్ముడూ,

ఈసారి విశాఖలో విజయ్ దివస్ (1971 యుద్ధంలో పాకిస్తాన్ మీద గెలిచిన రోజు) నాటి మన మాజీ సైనికుల మార్చ్ బాధ్యత నీకు అప్పజెప్పారని మనవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. చాలా సంతోషం. వినగానే నువ్వు అడిగిన మొదటి మాట "ఎంతమంది వస్తారు?" అనట. అది తర్వాత చూసుకోవచ్చు. ముందు ఎవరు నడుస్తారో ఆలోచించు. 1971లో ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇప్పుడు డెబ్బై అయిదు. ఒకరికి మోకాళ్ళు అరిగాయి, ఒకరికి స్టెంట్ వేశారు, ఒకరికి చెవులు వినపడవు. మార్చ్ పెట్టేదే వాళ్ళ కోసం. అందుకని అందరిలోకీ నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో కనుక్కో. రూటు, టైము, డ్రమ్ము, ఉపన్యాసాలు అన్నీ ఆయన ఓపికను బట్టే పెట్టుకో.

మనం రెజిమెంట్‌లో నేర్చుకున్న తేజ్ చల్, అంటే వేగంగా నడిచే కవాతు, నిమిషానికి 120 అడుగులు. ఆ వేగం ఇప్పుడు పనికిరాదు. ఎన్‌సీసీ పిల్లల్ని డ్రమ్ముకు పిలిస్తే అలవాటు కొద్దీ 120 కొట్టేస్తారు. మొదటి వంద గజాలు పెద్దాయనలు రోషంతో అందుకుంటారు, ఆ తర్వాత వరస చెదిరిపోతుంది. ముందురోజు సాయంత్రం ఒక పెద్దాయన్ని బీచ్‌కి తీసుకెళ్ళి నడవమను. ఆయన అడుగుకు తగ్గట్టు కొట్టమని ఆ కుర్రాడికి చెప్పు. 80, 90 దగ్గర కుదురుతుంది. చూసేవాళ్ళకు అది స్లోగా అనిపించదు, హుందాగా ఉంటుంది.

రూటు విషయం. చాలామంది బీచ్ రోడ్డుకు దక్షిణం చివర ఉన్న కోస్టల్ బ్యాటరీ నుంచి మొదలుపెడదాం అంటారు, పేరు బాగుంది కదా అని. నా ఓటు మాత్రం పార్క్ హోటల్ వైపు నుంచి దక్షిణానికి రావడానికే. అటువైపు రోడ్డు చదునుగా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. మన ట్రాఫిక్ ఎడమ పక్కన నడుస్తుంది. ఉత్తరం నుంచి వస్తే మన ఎడమ పక్క రోడ్డే సముద్రం వైపు రోడ్డు, యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ కూడా ఆ పక్కనే. అంటే స్మారకం దగ్గర డివైడర్ దాటక్కర్లేదు, ట్రాఫిక్ రెండు వైపులా ఆపమని పోలీసుల్ని బతిమాలక్కర్లేదు. ఒకటే గుర్తుపెట్టుకో, అప్పుడు ఇచ్చే కమాండ్ దాహినే దేఖ్ (కుడివైపు చూడు) కాదు, బాయే దేఖ్ (ఎడమవైపు చూడు). ఎడమ చివరి ఫైల్ (ఒకరి వెనక ఒకరు నిలబడే వరస) వాళ్ళు తల తిప్పకుండా సూటిగా చూడాలి. ముప్ఫై ఏళ్ళుగా డ్రిల్ చేయని వాళ్ళకు ఈ మాట ఫాలిన్ అయ్యాక, అంటే వరసల్లో నిలబడ్డాక, చెబితే ఎక్కదు. టీ తాగేటప్పుడే ఆ ఫైల్‌లో నిలబడేవాళ్ళను పక్కకు పిలిచి చెప్పు.

పోలీస్ పర్మిషన్ రెండు మూడు వారాల ముందే పెట్టు. సిటీలో ఊరేగింపులకు పోలీసు అనుమతి తప్పనిసరి చేసే సెక్షన్ 30 ఎప్పుడు ఉంటుందో ఎవరికీ తెలియదు, పైగా డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలు మన ఊళ్ళో పెట్టిన ఏడాది బీచ్ రోడ్డు జనంతో కిటకిటలాడి ఉంటుంది, వాళ్ళ స్టాఫ్ అంతా అలసిపోయి ఉంటారు. సంఘం లెటర్‌హెడ్ మీద ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని గంటలకు, సుమారు ఎంతమంది, మైకు ఉందా లేదా, ఇద్దరి ఫోన్ నంబర్లు, అంతే. ట్రాఫిక్ వాళ్ళకు ఒకటి, నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఒకటి కాపీ. స్టాంపు వేయించుకున్న కాపీని ఆ రోజు పొద్దున జేబులో పెట్టుకో. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి నీ పర్మిషన్ సంగతి తెలుస్తుందని అనుకోకు. అదే రోజు నేవీ వాళ్ళు కూడా అక్కడ పూలమాలలు వేస్తారు. వాళ్ళ టైము కనుక్కుని మనది దానికి ముందో వెనకో పెట్టుకో. సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారా రాస్తే ఉత్తరం తొందరగా కదులుతుంది.

డ్రెస్ గురించి గొడవ తప్పదు. ఎవరో ఒకరు పాత యూనిఫాం తీస్తారు, బటన్లు పెట్టుకోలేక అవస్థ పడతారు. యూనిఫాం వద్దని ముందే తేల్చి చెప్పు. బ్లేజర్ ఉంటే బ్లేజర్, లేకపోతే తెల్ల చొక్కా, ముదురు ప్యాంటు, తలమీద రెజిమెంట్ బెరే టోపీ. బెరే లేనివాళ్ళు చెయ్యెత్తి సెల్యూట్ చేయక్కర్లేదు, సావధాన్‌లో నిటారుగా నిలబడితే చాలు. బూట్ల సంగతి మాత్రం గట్టిగా చెప్పు. అల్మారాలో ఏళ్ళతరబడి దాచిన బూట్లు పైకి మెరుస్తుంటాయి, పది నిమిషాలు నడిచేసరికి సోలు పెచ్చులుగా రాలిపోతుంది. రోజూ వాకింగ్‌కు వేసుకునే బూట్లే వేసుకు రమ్మను, ఏ రంగయినా పర్వాలేదు.

మెడల్స్ ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలి, ఎడమ పక్కన. చనిపోయిన తండ్రివో భర్తవో అయితే కుడి పక్కన. ఈ ఒక్క తేడా తెలియక మనవళ్ళు తాత మెడల్స్ ఎడమవైపు పెట్టుకొస్తారు. కసరకు, మార్చి పెట్టు, ఎందుకో చెప్పు. పిల్లలు ఆ మాట మర్చిపోరు. పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, ఇవి 1971 నాటివి. ఏ ఫ్రంట్‌లో ఉన్నారో స్టార్ చూస్తే తెలుస్తుంది. ఆ పక్కనే నిలబడ్డ స్కూల్ టీచర్‌కి ఇది చెబితే ఆవిడే పిల్లలకు చూపిస్తుంది. బజార్లో కొన్న మెడల్స్ పెట్టుకొచ్చే మహానుభావులు కూడా ఒకరో ఇద్దరో ఉంటారు. అందరి ముందూ అడగొద్దు, పక్కకు తీసుకెళ్ళి తీసేయమను. ఇంకో చిన్న సంగతి. మెరుపు కోసం చాలామంది బ్రాసో పాలిష్ రుద్దుతారు, అది రిబ్బన్‌కి అంటుకుని ఆకుపచ్చ మరక పడుతుంది. రిబ్బన్‌కూ మెడల్‌కూ మధ్య అట్టముక్క పెట్టి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

జెండా ఒక్కటి చాలు, మంచిది, ముందు వరసలో. జాతీయ జెండాను ఎవరి ముందూ వంచకూడదు, మంత్రిగారొచ్చినా సరే, స్మారకం ముందయినా సరే. వంచాల్సి వస్తే సంఘం జెండానే వంచుతారు. జీపు బానెట్ మీద పరవడానికి కూడా ఒప్పుకోకు, ఫొటోకి బాగుంటుందని ఎవరో ఒకరు అడుగుతారు. పిల్లలకు కాగితం జెండాలు ఇస్తే అయిపోయాక ఏరడానికి ఇద్దరిని పెట్టు.

వీరనారులను, అంటే అమరులైన సైనికుల భార్యలను, పిలిచేటప్పుడు వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోకు, ఇంటికి వెళ్ళు. నడుస్తారా, కూర్చుంటారా, అసలు రావాలని ఉందా అని వాళ్ళనే అడుగు. ఓపెన్ జీపులో ఎక్కించి ఊరేగించే పద్ధతి నాకు నచ్చదు. కొందరికి అది భారంగా ఉంటుంది, మొహమాటానికి కాదనలేరు. స్మారకం దగ్గర మొదటి వరస కుర్చీలు వాళ్ళవి. వీఐపీ స్టిక్కర్లు ఆ కుర్చీల మీద అతికించడానికి వచ్చేవాళ్ళను ఆపే పని ఒక గట్టి మనిషికి అప్పజెప్పు, మన సిగ్నల్స్ సుబేదార్ గారైతే సరిగ్గా సరిపోతారు.

అమరుల పేర్లు చదివే ముందు ప్రతి పేరూ ఆ ఇంటివాళ్ళకు ఒకసారి చదివి వినిపించు. ఆర్మీ రికార్డుల్లో మన ఇంటిపేరే పేరయిపోతుంది, పేరేమో చివర్లో ఎక్కడో ఇరుక్కుంటుంది. తల్లి వింటుండగా కొడుకు పేరు తప్పు చదివితే ఆ కార్యక్రమం మొత్తానికి విలువ ఉండదు. ర్యాంకు, యూనిట్, ఊరు, పేరు, అంతే. విశేషణాలు వద్దు.

అమరుల కోసం ఊదే లాస్ట్ పోస్ట్‌కు బ్యూగిలర్ దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఫోన్‌లో పెట్టి స్పీకర్‌కు కలుపుతారు. అప్పుడు ముందే డౌన్‌లోడ్ చేసి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టమను. రెండు నిమిషాల మౌనం మొదలవగానే బిస్కెట్ల యాడ్ మోగితే ఆ పాపం నీ నెత్తిన పడుతుంది.

ఉపన్యాసాలు రెండు చాలు. ఒకటి 1971లో ఉన్న మనిషిది, ఆయన ఎంతసేపు మాట్లాడినా ఆపకు. రెండోది ముఖ్య అతిథిది, అయిదు నిమిషాలు. అతిథికి ఒక చిన్న కాగితం మీద వాస్తవాలు రాసి ఇవ్వు, లేకపోతే నోటికొచ్చింది చెబుతారు. డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది, 16న ఢాకా రేస్ కోర్స్‌లో పాకిస్తాన్ జనరల్ నియాజీ మన జనరల్ అరోరా ముందు సంతకం పెట్టాడు, సుమారు 93 వేల మంది లొంగిపోయారు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ ఘాజీ సబ్‌మెరైన్ డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో మన విశాఖ దగ్గరే మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. నేవీ డే ఘాజీ కోసమని మన ఊళ్ళో సగం మంది అనుకుంటారు. కాదు, అది కరాచీ మీద మిసైల్ బోట్ల దాడికి గుర్తు. ఈ సంగతి కూడా కాగితంలో రాయి.

అతిథి ఆలస్యమైతే ఆగొద్దు. ఏడింటికని చెబితే ఏడింటికి తేజ్ చల్. డిసెంబర్ అయినా తొమ్మిది దాటితే బీచ్‌లో ఎండ చురుక్కుమంటుంది. షుగర్ ఉన్నవాళ్ళు టిఫిన్ తినకుండా, మాత్ర మాత్రం వేసుకుని వస్తారు. ఇడ్లీ మార్చ్ తర్వాత కాదు, ముందే పెట్టించు. చివర ఒక ఖాళీ వ్యాన్ నెమ్మదిగా రావాలి, అలసినవాళ్ళు ఎక్కడానికి. దానికి అంబులెన్స్ అని పేరు పెడితే ఎవరూ ఎక్కరు. నిజమైన అంబులెన్స్ స్మారకం దగ్గర ఉంచు. ఇక ఎవరూ బయటికి అనని మాట: మన వయసువాళ్ళకు బాత్రూమ్ దగ్గర్లో లేకపోతే టెన్షన్, రావడమే మానేస్తారు. మొదలయ్యే చోట, ముగిసే చోట ఎక్కడున్నాయో, తాళాలు తీసి ఉంటాయో లేదో ముందురోజే చూసి, పిలుపు మెసేజ్‌లోనే రాయి. వచ్చేవాళ్ళ సంఖ్య పెరుగుతుంది చూడు.

పింఛన్ బ్యానర్లు తెస్తామనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ బాధ నిజమే, ఓఆర్‌ఓపీ (ఒకే ర్యాంకు, ఒకే పింఛన్) లెక్కలు ఇంకా తేలనివాళ్ళు మనలోనే ఉన్నారు. మార్చ్‌లో మాత్రం వద్దను. దానికి బదులు టీ టేబుల్ పక్కన ఒక బల్ల వేసి, పింఛన్ వెబ్‌సైట్ స్పర్శ్ తెలిసిన కుర్రాడిని ల్యాప్‌టాప్‌తో కూర్చోబెట్టు. లైఫ్ సర్టిఫికెట్, ఈసీహెచ్‌ఎస్ వైద్య కార్డు సందేహాలు అక్కడే తీరతాయి. నన్నడిగితే ఆ బల్ల దగ్గరే క్యూ పెద్దగా ఉంటుంది.

డబ్బు మనవాళ్ళ దగ్గరే తలా కొంచెం వసూలు చెయ్యి, రసీదు ఇవ్వు. స్పాన్సర్ల బోర్డులు వద్దు. ఖర్చు లెక్క మర్నాడే గ్రూప్‌లో పెట్టు. పేరిచ్చి రాలేకపోయిన వాళ్ళకు ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి, మంచంలో ఉండి రాలేనివాళ్ళు కొందరుంటారు.

పోలీస్ అప్లికేషన్ డ్రాఫ్ట్ రాయగానే నాకు వాట్సాప్‌లో పంపు. ఇచ్చేముందు ఒకసారి చూస్తాను.

మీ అన్న,
రిటైర్డ్ సుబేదార్