పోస్టర్‌లో ముఖం లేకపోతే పని ఇస్తారా?

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. సాయంత్రాలు ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనింగ్ చేస్తాను. 'నీడ' అనే పేరుతో నా పనికి ప్రచారంగా పోస్టర్ చేసుకున్నాను, నమూనా పంపుతున్నా. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, హుడీ వేసుకున్న ఆకారం, ముఖం కనిపించదు. ఫొటో పెట్టడం నాకిష్టం లేదు. నాన్నేమో "ముఖమే చూపియ్యకపోతే పని ఎవరిస్తరు?" అంటున్నారు.

జవాబు: ఫొటో పెట్టకపోవడం నీ ఇష్టం అమ్మా, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నాన్న అడిగినదానికి జవాబు ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన అక్కడి రామప్ప గుడికి శిల్పి పేరే వచ్చిందంటారు. రామప్ప ఎలా ఉండేవాడో మనకు తెలియదు. ఆ గుడి మీది మదనిక అనే స్త్రీ శిల్పం కాలికి చెక్కిన ఎత్తు మడమల చెప్పు చూశాక, పనిమంతుడో కాదో ఎవరూ అడగరు.

నీ పోస్టర్‌లో ముఖంతో పాటు పని కూడా చీకట్లో కలిసిపోయింది. పైగా ఆ హుడీ చూడగానే నాకు సైబర్ మోసాల హెచ్చరిక బోర్డు గుర్తొచ్చింది! తీసెయ్. నీడ పడాలంటే వెలుతురు ఉండాలి కదా. ఒక పక్క నుంచి దీపం, మౌస్ పట్టిన చెయ్యి, గోడ మీద నీ నీడ. ఆ నీడ లోపలే నువ్వు చేసిన పెళ్లి కార్డు, మెడికల్ షాపు బోర్డు, బతుకమ్మ ఫ్లెక్సీ కనబడాలి. అవి షాపు పనులైతే ఓనరును అడిగి, ఫోన్ నంబర్లు చెరిపి పెట్టు.

ఏ3 సైజుకు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3508 × 4961 పిక్సెల్స్ కావాలి. స్క్రీన్ మీద బాగున్న చీకటి కాగితం మీద మసిబారుతుంది, నీడల్ని కాస్త తేలిక చెయ్. క్యూఆర్ కోడ్‌ను తెల్ల గడిలో నల్లగానే ఉంచు. నలుపు మీద తెల్లగా తిప్పితే కొన్ని ఫోన్లు చదవవు. తెలుగు అక్షరాల్ని కర్వ్స్‌గా (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) మార్చకుండా ప్రింటుకు పంపితే వత్తులు ఎటు పోతాయో నీకు నేను చెప్పాలా!

రెజ్యూమెలో మాత్రం అసలు పేరే రాయి. 'నీడ' పేరుతో చేసిన పనుల లింకును కిందెక్కడో ఒక లైనులో ఇస్తే చాలు.

ఒక ప్రింటు తీసి, పది అడుగుల దూరం నుంచి నాన్నకు చూపించు. "ఈమె ఏం పని చేస్తుంది?" అని అడుగు. "పోస్టర్లు చేస్తది" అంటే మిగతా కాపీలు వేయించు. "ఎవరో దొంగలెక్క ఉంది" అంటే మళ్లీ నాకు రాయి.