కవివిమర్శకుడు

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. నోట్సులో "మాథ్యూ ఆర్నాల్డ్ సుప్రసిద్ధ ఆంగ్ల కవివిమర్శకుడు" అని ఉంది. కవులను విమర్శించినవాడనా, కవీ విమర్శకుడూ అయినవాడనా? విమర్శకుడంటే తప్పులు పట్టేవాడు కదా, ఆ పని చేసేవాడు కవి ఎలా అయ్యాడు?

సమాధానం: ఇందులో సమాసం సంగతి చిన్నది, విమర్శ సంగతి పెద్దది. ముందు పెద్దదే చూద్దాం.

సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో "మృశ ఆమర్శనే" అని ఉంది. మృశ్ అంటే తాకడం, చేత్తో తడిమి చూడడం. 'వి' చేరితే అన్ని వైపులా తడిమి చూడడం. ఆలోచించడం, పరీక్షించడం అనే అర్థాలు అక్కడినుంచి వచ్చినవే. తప్పు పట్టడమనే అర్థం ఈ ధాతువులో లేదు. కిరాతార్జునీయం రెండో సర్గలో ధర్మరాజు ఆవేశపడుతున్న భీముణ్ణి వారిస్తూ "సహసా విదధీత న క్రియామ్", తొందరపడి ఏ పనీ చేయరాదు అంటాడు. ఆ శ్లోకంలోనే "వృణుతే హి విమృశ్యకారిణమ్" అని ఉంది. బాగా ఆలోచించి చేసేవాణ్ణి సంపదలు తమంతట తామే వరిస్తాయని భావం. అక్కడ నింద అనే అర్థం పెట్టి చూడండి, శ్లోకమే చెడిపోతుంది.

"విమర్శలు గుప్పించారు", "విమర్శలు ఎక్కుపెట్టారు" అని రోజూ చదువుతున్నాం. అవి విమర్శలు కావు. నిందలు, ఆరోపణలు, ఆక్షేపణలు, దూషణలు. ఒక్కోదానికి ఒక్కో మాట ఉండగా అన్నిటినీ విమర్శ నెత్తిన రుద్దడం భాషకు అన్యాయం. 'విమర్ష' అని రాసేవారూ ఉన్నారు. మృష్ ధాతువు వేరు, దానికి సహించడమని అర్థం. అమర్షం, అంటే ఓర్వలేనితనం, దాని సంతానం.

ఆర్నాల్డ్ జీవితం ఈ ధాత్వర్థానికి మంచి వ్యాఖ్యానం. 1822లో ఇంగ్లండులోని లేలమ్‌లో పుట్టాడు. తండ్రి టామస్ ఆర్నాల్డ్ రగ్బీ పాఠశాల ప్రధానాధ్యాపకుడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1851 నుంచి 1886 దాకా బడుల తనిఖీ అధికారిగా పనిచేశాడు. 1849లో, 1852లో రెండు కవితాసంపుటాలను పేరు చెప్పకుండా 'ఎ' అన్న ఒక్క అక్షరంతో వేశాడు. రెండోదానిలో ప్రధానమైనది 'ఎంపెడోక్లిస్ ఆన్ ఎట్నా'. గ్రీకు తత్త్వవేత్త ఒకడు అగ్నిపర్వత బిలంలో దూకి ప్రాణం తీసుకోవడం ఇతివృత్తం. 1853లో సొంత పేరుతో సంపుటం తెచ్చినప్పుడు ఆ కావ్యాన్నే తీసేశాడు. కథ ఏనాటిదో కావడం వల్ల గానీ, అనుకున్నట్టు చిత్రించలేకపోవడం వల్ల గానీ తీయలేదని ముందుమాటలో స్పష్టంగా చెప్పాడు. బాధ క్రియలోకి దారి దొరక్క అలాగే సాగుతూ, అంతా సహించడమే తప్ప చేయడానికేమీ లేని పరిస్థితిని చిత్రిస్తే కావ్యానందం పుట్టదు; ఆయన చూపిన కారణం ఇదీ. ఇదే విమృశ్యకారిత్వం. మరొకరి కావ్యం మీద చేయి వేసేముందు తన కావ్యాన్నే తడిమి చూసుకున్నాడు. తోటి కవి బ్రౌనింగ్ కోరిక మీద 1867లో దాన్ని మళ్ళీ అచ్చువేశాడు.

1857 నుంచి పదేళ్ళు ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వాచార్యుడు. అంతవరకు లాటిన్‌లో సాగుతున్న ఆ ఉపన్యాసాలను ఇంగ్లీషులో ఇచ్చిన మొదటివాడు. లోకంలో తెలిసినదానిలో, ఆలోచించినదానిలో ఉత్తమమైనదాన్ని స్వపక్షప్రయోజనం లేకుండా తెలుసుకొని వ్యాప్తి చేసే ప్రయత్నమే విమర్శ అని 1864లో నిర్వచించాడు. 1888లో లివర్‌పూల్‌లో కన్నుమూశాడు.

నాకు ప్రీతిపాత్రమైనది 1880 నాటి గీటురాయి పద్ధతి. హోమర్, డాంటే, షేక్‌స్పియర్, మిల్టన్‌ల మేలిపంక్తులు కొన్నిటిని మనసులో ఉంచుకొని, కొత్త కవిత్వాన్ని వాటి పక్కన పెట్టి చూడమన్నాడు. కంసాలి చేసేది అదే. నల్లరాతిపై నగతో ఒక గీటు, దాని పక్కనే వన్నె తెలిసిన బంగారంతో మరో గీటు గీసి, రెంటి రంగూ పోలుస్తాడు. 'పదహారు వన్నె బంగారం' అనే మన మాట ఈ లెక్క నుంచి వచ్చిందే. తాకించి తెలుసుకోవడం కదా, మృశ్ ధాతువు ఇక్కడ అక్షరాలా పనిచేస్తోంది.

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. పైన బంగారు పూత, లోపల రాగి ఉంటే గీటు మోసపోతుంది. అందుకే అనుమానం వస్తే ఆకురాయితో రాకి లోపల చూస్తారు. పంక్తి పరీక్షకు దీనికి తిరగబడ్డ చిక్కు వస్తుంది, లోపలి బంగారం గీటుకు అందదు. పద్నాలుగో శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్‌కు ఉదాత్త గాంభీర్యం లేదని ఆర్నాల్డ్ తేల్చాడు. కథ నడిపే ఒడుపులో ఉన్న చాసర్ గొప్పతనం విడి పంక్తుల్లో ఎలా దొరుకుతుంది? కాళిదాసు రఘువంశం మొదట్లోనే "హేమ్నః సంలక్ష్యతే హ్యగ్నౌ" అన్నాడు: మేలిమైనా మాలిన్యమైనా బంగారానికి నిప్పులోనే తేలుతుంది. నిప్పు పరీక్షకు విడి పంక్తులు చాలవు, కావ్యమంతా కావాలి.

ఈ ధాతువు సంతానం ఇంకా ఉంది: నాటక కథను విభజించే అయిదు సంధుల్లో నాలుగోది విమర్శసంధి. పరామర్శ కూడా ఈ ధాతువుదే, స్పర్శ మాత్రం కాదు.

ఇక సమాసం. రాజర్షి అంటే రాజూ ఋషీ అయినవాడు, రాజగురువు అంటే రాజుకు గురువు. రూపం ఒకటే, అర్థాన్ని బట్టి విగ్రహవాక్యం, అంటే సమాసాన్ని విడదీసి చెప్పే తీరు, మారుతుంది. కాబట్టి 'కవివిమర్శకుడు' రాజర్షిలా కర్మధారయంగా సాధువే, రాజగురువులా షష్ఠీతత్పురుషంగానూ తప్పు పట్టలేం. ఆర్నాల్డ్ విషయంలో మొదటిదే నోట్సు రాసినవారి ఉద్దేశం కావచ్చు. అయితే ఆయన కవులనూ విమర్శించాడు కనుక రెండోదీ పొసగుతుంది. మధ్యలో అడ్డగీత పెట్టి 'కవి-విమర్శకుడు' అనడం ఇంగ్లీషు అలవాటు, మన సమాసానికి అది అక్కర్లేదు. అనుమానం మిగలకూడదనుకుంటే 'కవీ విమర్శకుడూ అయిన ఆర్నాల్డ్' అని విడదీసి రాయించండి.