సమాధానం: పదింటికల్లా యాక్సెస్ పాయింట్లు రీస్టార్ట్ అవుతున్నాయా?

యాక్సెస్ పాయింట్లలో (వైఫై సిగ్నల్ ఇచ్చే పరికరాల్లో) తప్పేం లేదండీ, వాటికి పవర్ చాలట్లేదనిపిస్తోంది. 8 పోర్టుల పీఓఈ స్విచ్‌కి (నెట్‌వర్క్ కేబుల్‌లోనే పవర్ కూడా పంపేదానికి) ఆరు వైఫై 6 యాక్సెస్ పాయింట్లు పెట్టామని, స్టాఫ్ అంతా వచ్చేసరికి ఒకట్రెండు ఆగిపోతున్నాయని రాశారు కదా. పెట్టె మీద పోర్టుకి 30 వాట్లని ఉన్నా, మీరు చెప్పిన 65 వాట్ల బడ్జెట్ అన్ని పోర్టులకూ కలిపి. లోడ్ పెరిగాక ఒక్కోటి 15 వాట్లు లాగినా ఆరింటికి 90 కావాలి.

802.3ఏటీ స్విచ్ (పోర్టుకి 30 వాట్ల దాకా ఇచ్చే పీఓఈ రకం), మొత్తం బడ్జెట్ కనీసం 130 వాట్లున్నది తీసుకోండి. కెమెరాలు కూడా పెట్టే ఆలోచనుంటే ఇంకా పెద్దది. మేనేజ్డ్ స్విచ్చే, అంటే సెట్టింగ్స్ మనం మార్చుకోగలిగేదే కొనండి. గెస్ట్ వైఫైని వీల్యాన్‌తో (ఒకే స్విచ్ మీద నెట్‌వర్క్‌ని వేర్వేరు భాగాలు చేసే సెట్టింగ్‌తో) విడదీయకుండా అకౌంట్స్ సిస్టమ్స్ పక్కన మాత్రం వదలకండి, దయచేసి.

ఈలోపు రెండు యాక్సెస్ పాయింట్లని విడిగా పీఓఈ ఇంజెక్టర్ల (కేబుల్‌లోకి పవర్ ఎక్కించే చిన్న అడాప్టర్ల) మీద పెట్టండి. మిగతా నాలుగూ 60 వాట్లలో సర్దుకుంటాయి, రేపటికి టెన్షన్ తగ్గుతుంది.