మబ్బు పడితే వణుకు... షుగరూ పెరుగుతోంది

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. నాకు 34 ఏళ్లు. చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్, ఇన్సులిన్ మీదే ఉన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు కరెంటు లేక, ఇన్సులిన్ ఎక్కడ అయిపోతుందోనని డాబా మీద నరకం చూశాను. ఇప్పటికీ మబ్బు పడితే చాలు గుండె దడ, చెమటలు, రాత్రంతా నిద్ర ఉండదు. షుగర్ 300 దాటుతోంది. మా ఆయన ‘అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుకుంటావ్’ అంటారు.

జవాబు: అమ్మా, మీది పిరికితనం కాదు. ఇన్సులిన్ మీద బతికే మనిషికి ఆ రోజుల్లో నిజంగానే ప్రాణభయం ఉంది. ఆ భయం ఇంకా ఒంట్లోంచి పోలేదు. టెన్షన్ పడినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలో చక్కెరను పెంచుతాయి, ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. కాబట్టి అంకె పెరిగిన ప్రతిసారీ ‘నేనేం తప్పు తిన్నాను’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. డోసు మార్చాలేమో డాక్టరునే అడగండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. షుగర్ పడిపోయినా దడ, చెమటలు ఇలాగే వస్తాయి. అది భయమే అనుకుని పడుకోకండి, ముందు మెషీన్‌తో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. మెషీన్ దగ్గర లేకపోతే ముందు చక్కెర తాగేయండి. షుగర్ బాగా ఎక్కువై వాంతులు, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తిండి సయించడం లేదని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం మీకు ప్రాణాపాయం.

‘ధైర్యంగా ఉండు’ అంటే ధైర్యం రాదు, అదంతా మీరొక్కరే మోస్తున్నంత కాలం అసలే రాదు. అందుకే పని పంచండి. ఇన్సులిన్, సిరంజిలు, స్ట్రిప్పులు, చక్కెర, మందుల చీటీ నకలు ఒక సంచిలో సర్ది, వానాకాలమంతా దాన్ని చూసుకునే బాధ్యత మీ ఆయనకు అప్పగించండి. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు చల్లగా, నీడపట్టున ఉంటే ఫ్రిజ్ లేకపోయినా సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. కరెంటు పోతే సీసాను కవర్లో చుట్టి చిన్న మట్టి ముంతలో పెట్టి, ముంతను తడి ఇసుక పోసిన కుండలో ఉంచండి. ఐసు మాత్రం తగలనివ్వకండి, గడ్డకడితే పాడవుతుంది. బుడమేరుకు హెచ్చరిక వస్తే ఎవరింటికి, ఎలా వెళ్లాలో ఇప్పుడే మాట్లాడుకోండి.

మీ ఆయన మాటలో ప్రేమ లేదని నేననను, బహుశా ఆయనా ఆ రాత్రులను తలుచుకోలేకపోతున్నారు. అయినా ఆ మాట మీ నోరు నొక్కేస్తోంది, అది ఆయనకు తెలియాలి. ఇన్నాళ్లయినా భయం తగ్గలేదంటే మానసిక వైద్యులను కలవాల్సిందే. ఈలోపు రాత్రిపూట తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈసారి షుగర్ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీ ఆయన్ని బయట బండి దగ్గర ఆపకుండా లోపలికి తీసుకెళ్లండి. ఇంజెక్షన్ చేయడం, మెషీన్‌లో అంకె చూడడం ఆయనకూ అక్కడే నేర్పించమని అడగండి.