బిడ్డ విడాకులకు అప్లై చేసింది, నేను బతుకమ్మకు పోలే

హనుమకొండ నుంచి ఒక అమ్మ రాసిన్రు: "2018ల మా బిడ్డ పెండ్లి ఇక్కడనే చేసినం. ఇద్దరు ఇంగ్లండ్ల, లెస్టర్ల ఉంటరు, పిల్లల్లేరు. నాలుగు నెలల కింద విడాకులకు అప్లై చేసిందట, మాకు మొన్ననే చెప్పింది. అల్లుడు కొట్టలే, తాగడు, ఎందుకే అంటే పడ్తలేదమ్మా అంటది. ఆ దేశపు గాలి సోకింది, అక్కడ పెండ్లంటే సివిల్ పార్ట్‌నర్‌షిప్ లెక్కనే అని మా ఆడబిడ్డ అంటది. ఎవరన్న అడుగుతరని ఎంగిలిపూల నాడు వెయ్యిస్తంభాల గుడికి కూడా పోలే."

అమ్మా, ఆఖరి మాట కాడ ఆగిపోయిన. ప్రతి ఏడు తంగేడు, గునుగు పేర్చే మనిషి తలుపేసుకొని కూసున్నదంటే లోపల ఎంత మండుతున్నదో తెలుస్తున్నది.

ముందు ఆ గాలి సంగతి. ఇంగ్లండ్, వేల్స్ కలిపి 1993ల 1,65,000 విడాకులైనయి, 2022ల 80,057, 1971 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. కొంత కొత్త చట్టం వల్లనే, 2022 ఏప్రిల్ 6 నుంచి తప్పెవరిదని రుజువు చెయ్యనక్కర్లేదు గని అప్లై చేసినంక 20 వారాలు ఆగాలె, తర్వాత ఇంకో 6 వారాలు, అట్ల చానా కేసులు వచ్చే ఏటికి జరిగినయి. అసలు అక్కడ పెండ్లి చేసుకునేటోళ్లే తగ్గిన్రు. ఇగ సివిల్ పార్ట్‌నర్‌షిప్ అంటే పెండ్లి కాకుంట చట్టం ప్రకారం జంటగా రాయించుకునుడు, అది వేరే, 2005 డిసెంబర్ల ఒకే లింగం జంటలకని మొదలువెట్టిన్రు, 2019 ఆఖర్ల ఆడ మగ జంటలకు కూడా ఇచ్చిన్రు, అది తెంచుకోవాలన్నా కోర్టుకే పోవాలె. మీ బిడ్డది జీలకర్ర బెల్లం పెట్టి చేసిన పెండ్లి, ఆడబిడ్డ తెలువక అన్నది.

మరి మన దగ్గర? 2011 జనగణనల దేశం మొత్తంల విడాకులైనోళ్లు 13.6 లక్షలు, కాగితం లేకుంట విడిగా ఉంటున్నోళ్లు దాదాపు 35 లక్షలు. నా దగ్గరికి పరకాల దిక్కు నుంచి ఒక అక్క వస్తది, పదకొండేండ్ల నుంచి తల్లిగారింట్లనే ఉంటది, మెడల పుస్తె అట్లనే ఉన్నది, రేషన్ కార్డుల పేరు ఇంకా అత్తగారి కాడనే, పెద్దమనుషులు నాలుగు సార్లు కూసున్నరు, ఏదీ తేల్చలే. మన దగ్గర విడాకులు తక్కువంటే సంసారాలు మంచిగున్నయని నేనైతే అనుకోను.

ఒక సంగతి మాత్రం ఆలస్యం చెయ్యకున్రి. తిరుపతిల పెండ్లయి అమెరికాల ఒక్కరే తెచ్చుకున్న విడాకులు మన దేశంల చెల్లవని 1991ల సుప్రీంకోర్టు చెప్పింది, ఎందుకంటే అక్కడి కోర్టు విడాకులిచ్చిన కారణం మన హిందూ వివాహ చట్టంల లేదు, అవతలి మనిషి ఆ కోర్టుకు ఒప్పుకోలే. లెస్టర్ విడాకులకు కూడా ఈ చిక్కు రావచ్చు, రేపు ఇక్కడ మల్ల పెండ్లన్నప్పుడు అడ్డం పడ్తది. బిడ్డ ఒక్కతే అప్లై చేసిందా, ఇద్దరు కలిసి చేసిన్రా అడుగున్రి. అల్లుడు కూడా ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో ఇక్కడ పిటిషన్ వేసుకోవచ్చు, పెండ్లి హనుమకొండల అయింది గద, ఇక్కడి కోర్టే. ఏడాది విడిగా ఉండాలె, పిటిషన్ వేసినంక ఆగాల్సిన 6 నెలల గడువును 2017 సుప్రీంకోర్టు తీర్పు నుంచి కోర్టు మాఫీ చెయ్యొచ్చు. ఫ్యామిలీ కేసులు చూసే వకీలును ఇద్దరూ ఆన్‌లైన్ల మాట్లాడాలె.

ఇగ "కొట్టలే, తాగడు" అన్నరు. అమ్మా, గా రెండు లేకుంటే ఆడపిల్ల సుఖంగున్నట్టేనా? మీకు చెప్పనీకే ఆమెకు నాలుగు నెలలు పట్టింది, అన్ని రోజులు వీడియో కాల్ల నవ్వుకుంట మాట్లాడింది, నాకు అది చానా బాధనిపించింది. ఈ ఆదివారం ఫోన్ల ఎందుకే అనకున్రి, పెద్దమనుషుల్ని కూసోవెడ్తం అసలే అనకున్రి. ఇప్పుడు ఏ ఇంట్ల ఉంటున్నవ్, కిరాయి ఎవరు కడుతున్నరు, రాత్రి తోడెవరున్నరు, ఏం తిన్నవ్, ఇవి అడుగున్రి, ఆమె ఏడిస్తే ఏడవనియ్యున్రి, ఫోన్ పెట్టెయ్యకున్రి.

సద్దుల నాడు పోవున్రి. ఎవరన్న అడిగితే బిడ్డ మంచిగున్నది, విడిగ ఉంటున్నది అని చెప్పి పాట అందుకోన్రి.